దిష్టిచుక్క చూపిన ముఖం

ఢిల్లీ వెళ్ళొచ్చిన వాళ్ళని మా చీరాలలో మొదట అడిగేది ఎర్రకోట చూశావా అని. నేను చూడలేదు. కుతుబ్ మీనారు మాత్రం చూశాను, అదీ ఆటోలోంచి, పొగమంచులో కింది సగమే. అంత దూరం వెళ్ళి ఏం చూసొచ్చావని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తూనే ఉన్నారు. చూసింది ఒక్క ముక్కలో చెబితే ఆయనా నమ్మరు, మీరూ నమ్మరు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఫొటో స్టూడియో. మా ఆయన ఫొటోలు తీస్తారు, నేను రీటచింగ్ చేస్తాను. అంటే నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్ మొనతో మొటిమలూ మచ్చలూ ముడతలూ పూడ్చడం, నలుపు తెలుపు ఫొటోలకి కుంచెతో రంగులు వేయడం. పని నేర్పింది మా మావయ్యగారు, మా ఆయన తండ్రి. ఎడమచేతి వాటం మనిషి. ఆయన చేతిలో పడితే అమ్మోరు పోసిన ముఖం కూడా తమలపాకులా అయ్యేది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఊళ్ళో ఆ పెన్సిల్ పని చేసేది నేనొక్కదాన్నే. కలర్ ఫిల్ములొచ్చాక అడిగే వాళ్ళూ తగ్గారు.

ప్రయాణం మా చెల్లెలు నాగమణి కోసం. దాని మొగుడు సత్యం సైన్యంలో హవల్దారు, ఢిల్లీ కంటోన్మెంట్‌లో క్వార్టర్స్. వాళ్ళ మొదటి పాప బుజ్జి రెండేళ్ళు నిండగానే జ్వరంతో పోయింది. చాలా ఏళ్ళ కిందటి మాట. బుజ్జికి ఉన్నది ఒకే ఒక్క ఫొటో, మా స్టూడియోలో మావయ్యగారు తీసినది. తీసే క్షణంలో పాప తల తిప్పింది. ఒళ్ళంతా సరిగ్గా వచ్చి ముఖం ఒక్కటీ అలుక్కుపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు తీద్దాంలే అనుకున్నారు. ఆ మళ్ళీ రాలేదు. పాప పోయాక మావయ్యగారు ఆ నెగెటివ్ తీసి, అన్ని పనులూ పక్కన పడేసి, ఆ అలుకులోంచి పెన్సిల్‌తో ఒక ముఖం తేల్చారు. ఆయన చేసిన వాటిలో అంత మంచి పని నేనింకోటి చూడలేదు. నాగమణి ఆ ఫొటో కొంగులో దాచుకుని తీసుకెళ్ళింది.

మొన్న దసరా వెళ్ళాక ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, నాకు బుజ్జి ముఖం గుర్తుకు రావడంలేదే. కళ్ళు మూసుకుంటే మావయ్యగారు గీసిన ముఖమే వస్తోంది. కన్నతల్లిని, నాకే గుర్తు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?" అంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. తెలుగువాళ్ళ కూడికలో మా మరిదికి ఒక ప్రొఫెసరుగారు తగిలారట. కదిలిపోయిన ఫొటోని కంప్యూటర్లో పెట్టి, కదలకపోతే ఎలా ఉండేదో చూపిస్తారట. ప్రింటు పనికిరాదు, నెగెటివ్ కావాలన్నారట.

మా ఊళ్ళో కంప్యూటరంటే ఇంకా జాతకాలు చెప్పే పెట్టే. నాకు నమ్మకం కలగలేదు. అయినా నెగెటివ్ పట్టుకుని బయల్దేరాను.

బండిలో

నెగెటివ్‌ని నల్ల కాగితంలో చుట్టి, రెండు అట్టల మధ్య పెట్టి, రేకు బిస్కెట్ డబ్బాలో దాచాను. ఆ డబ్బా ఒళ్ళోంచి దింపలేదు. నాగపూరులో ఎక్కిన ఒక పెద్దావిడ కమలాపళ్ళు వలిచి నాకూ పెట్టింది. అంత పుల్లగా, అంత రసంగా ఉండే కమలాలు మా వైపు రావు. తిన్నాక ఆవిడ డబ్బా వంక చూసింది. కాసేపటికి మళ్ళీ చూసింది. బిస్కెట్లు దాచుకుని పరాయి పళ్ళు తినే పిసినారిననుకుందని నాకు అర్థమయి సిగ్గేసింది.

నేను చిన్నప్పుడు హిందీ పరీక్షలు రెండు ప్యాసయ్యాను. ఆ ధైర్యంతో, "కృపయా దేఖియే, ఇస్‌మే బిస్కుట్ నహీఁ హై," అని డబ్బా తెరిచి నెగెటివ్‌ని కిటికీ వెలుగుకి పట్టి చూపించాను. నల్లటి ముఖం, తెల్లటి జుట్టు. ఆవిడ ఉలిక్కిపడి, తేరిపారచూసి, "బచ్చీ హై," పసిపిల్ల ఉందే అంది. ఉంది అని కాదు, ఉండేది అని చెప్పాను. ఆవిడ మిగిలిన కమలాలన్నీ నా సంచీలో వేసి, ఢిల్లీ వచ్చేదాకా డబ్బాకి కాపలా కాసింది. నేను మొహం కడుక్కోవడానికి వెళితే డబ్బా తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కంటోన్మెంట్

చలి అని విన్నానుగానీ, మంచంమీద దుప్పటి చల్లగా తగలడం ఎరగను. అక్కడ కప్పుకునే దూది రజాయి అంత బరువూ ఇంత బరువూ కాదు. పొద్దున్నే మంచు. పాలవాడి గొంతు వినబడుతుంది, మనిషి కనబడడు. ఎదురింట్లో శ్రీకాకుళం వాళ్ళు, పైన కడప వాళ్ళు. నేను తెచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత తీయకముందే రెండిళ్ళ నుంచీ గిన్నెలొచ్చాయి.

చెల్లెలి రెండో కూతురు స్వాతికి పదేళ్ళు. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం హిందీయే వస్తుంది. నేను దాని పరీక్షల సంగతి హిందీలో అడిగి, "మై అత్యంత ప్రసన్న్ హూఁ," అన్నాను. పిల్ల పడీపడీ నవ్వింది.

"పెద్దమ్మా, ఐసే కోయీ నహీఁ బోల్తా. టీవీ న్యూస్ వాలే బోల్తే హైఁ." అలా మాట్లాడేది టీవీలో వార్తలు చదివేవాళ్ళేనట.

బుజ్జి ఫొటో ముందు గదిలో గోడకుంది. దండ లేదు. నాగమణి ఎప్పుడూ వేయనివ్వలేదని మరిది చెప్పాడు. చెమ్మకి అంచులు పసుపెక్కి, ఒక మూల బూజు పాకింది. ఇంకో ప్రింటు తీసి పంపమని అడగొచ్చు కదా అన్నాను. "ఏ ముఖం తీసి పంపుతావక్కా," అంది నాగమణి.

గీత లేని ఏనుగు

ఆదివారం మరిది అందర్నీ కన్నాట్ ప్లేస్‌కి తీసుకెళ్ళాడు. రోడ్డు పక్క శనగల కూరా, కుల్చా అనే మెత్తటి రొట్టె తిన్నాం. ప్లేటు ఆరు రూపాయలు, పచ్చి ఉల్లిపాయ ఎంత అడిగితే అంత ఉచితం. క్యారెట్‌తో హల్వా చేస్తారక్కడ. మనకి సాంబారులో వేసుకునే క్యారెట్ వాళ్ళకి నెయ్యిలో మునిగి మిఠాయి. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

పాలికా బజారు మెట్ల దగ్గర ఒకడు రంగు చుక్కల కాగితాలు పరిచి అమ్ముతున్నాడు. బొమ్మ ఏమీ లేదు, ముగ్గులో రంగులు ఒలికిపోయినట్టు చుక్కలే. చుట్టూ జనం, అందరూ ముక్కు ఆనేటంత దగ్గరగా చూస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డారు.

"దీదీ, ఆంఖ్ ఢీలీ ఛోడో. కాగజ్ కే పీఛే దేఖో," అన్నాడు అమ్మేవాడు. కళ్ళు వదులుగా వదిలేసి కాగితం వెనక్కి చూడాలట.

స్వాతికి వెంటనే దొరికింది. "పెద్దమ్మా, హాథీ హై."

నాకు ఏ హాథీ కనబడలేదు. నెగెటివ్‌లో వెంట్రుకవాసి మచ్చ పట్టే కళ్ళు ఇవి, పదేళ్ళ పిల్లకి కనబడింది నాకు కనబడకపోవడమేమిటని ఉక్రోషమొచ్చింది. కోపంలో చూపు ఎక్కడో జారింది. అప్పుడు లేచింది ఏనుగు. కాగితం మీద కాదు, కాగితానికీ నాకూ మధ్య గాలిలో, తొండమెత్తి నిలబడి ఉంది. ఒళ్ళు జలదరించింది. ఎవరు గీశారని అడిగితే, "కిసీ నే నహీఁ. కంప్యూటర్ నే," అన్నాడు. ఎవరూ గీయలేదట, కంప్యూటరేనట. నేను గీత కోసం వెతికాను. అంత ఏనుగుకి ఎక్కడా ఒక్క గీత లేదు.

అరవై చెప్పినదాన్ని పాతికకి బేరమాడి కొన్నాను. నాగమణి చాలాసేపు పట్టుకుని చూసింది. "నాకు కనబడదులే అక్కా," అని చుట్టి నా చేతికిచ్చింది. అది ఏనుగు గురించి అన్న మాట కాదు.

ప్రొఫెసరుగారి గది

ప్రొఫెసరు శంకరయ్యగారిది కరీంనగర్ వైపు. వసంత్ కుంజ్ వెళ్ళే దారిలో చెట్ల మధ్య పెద్ద విద్యాసంస్థ, అందులో ఆయన గది. గుడిలోలా చెప్పులు బయట విడవాలి. దుమ్ము మిషన్లకి పడదట. బయట చలి చాలనట్టు లోపల ఏసీ. ఆయన దగ్గర పరిశోధన చేసే హర్‌ప్రీత్ అనే పంజాబీ అమ్మాయి నా వణుకు చూసి తన శాలువా కప్పింది. "ఆంటీ, యహాఁ మషీన్ కో గర్మీ లగ్తీ హై, హమ్ కో నహీఁ," అంది. ఇక్కడ ఉక్కపోసేది మిషన్లకేనట, మనుషులకి కాదట.

ఆయన మాకు కుర్చీలు వేయించి, మీదే ఊరు అని అడిగారు. చీరాల అన్నాను. ఒక టేపు చుట్ట వెతికి మిషన్‌కి తగిలించారు. టీ తాగేలోపు తెర మీద పైనుంచి కిందకి ఒక్కో వరసా పడుతూ బొమ్మ వచ్చింది. నల్లగా సముద్రం, పక్కన ఇసుక అంచు, లోపలికి సన్నటి దారంలా కాలవ. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం తీసిందట. నేను పుట్టిన దగ్గర్నుంచి తిరిగిన నేలంతా బొటనవేలంత ఉంది.

అయితే పొలాలన్నీ ఎర్రగా ఉన్నాయి. రంగులు వేసేదాన్ని, ఊరుకోలేకపోయాను. "ఎవరండీ దీనికి రంగులు వేసింది? పచ్చటి చేలకి ఎరుపు వేశారు. మా స్టూడియోలో అయితే పనిలోంచి తీసేసేవాళ్ళం."

ఆయన పెద్దగా నవ్వారు. "మేమే ఏసినం అక్కా. పచ్చటి ఆకు ఒక తీరు ఎలుతురును మస్తుగ ఎనకకు కొడతది. అది మన కంటికి కనబడది, దానికి రంగు లేదు. కనబడాలంటె ఏదో ఒక రంగు ఇయ్యాలె గద. ఎరుపు ఇచ్చినం. ఎక్కువ ఎర్రగుంటె పంట మంచిగున్నట్టు."

లంగాకి ఏ రంగు వెయ్యాలమ్మా అని జీవితమంతా జనాన్ని అడిగి వేసినదాన్ని. కంటికి అందని వెలుతురొకటి మా చేలమీంచి రోజూ పైకి పోతోందని, దానికీ ఎవరో కూర్చుని రంగు ఎంచి వేస్తారని నాకు తోచే దారి ఏది? ఆ గదిలో నేనింక తప్పులు పట్టదలచుకోలేదు.

అప్పుడు డబ్బా తెరిచాను. హర్‌ప్రీత్ నెగెటివ్‌ని కింద దీపాలున్న గాజుబల్ల మీద పెట్టింది. పైన కెమెరా. తెర మీదకి నల్ల ముఖం వచ్చింది. అమ్మాయి ఒక మీట నొక్కింది, నలుపంతా తెలుపయింది. నేను చీకటి గదిలో తొట్లలో ముంచి తేల్చేది ఆ పిల్ల వేలితో తేల్చింది. ఇంకో మీటకి ముఖం పెద్దదయింది. ఇంకొకటికి బుగ్గ ఒక్కటే తెరంతా నిండింది.

బుగ్గ నిండా చిన్న చిన్న కామాలు. రీటచింగ్ పెన్సిల్ అలాగే నడుస్తుంది, గీతలుగా కాదు, కామాలుగా. నా కామాలు కుడివైపు వాలతాయి. ఇవి ఎడమకి వాలి ఉన్నాయి. మావయ్యగారి చెయ్యి. భూతద్దంలో కూడా నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. ఒక్కటి తప్పుగా పడలేదు. పోయిన మనిషి చెయ్యి ఇంకా ఆ బుగ్గమీద ఆడుతున్నట్టే అనిపించి నాకు ఏడుపొచ్చింది.

శంకరయ్యగారు నెమ్మదిగా చెప్పారు. "పని మస్తుగున్నది. గానీ ఇది పాప ముఖం కాదు, మీ మామగారు ఏసిన ముఖం. నాకు కావాల్సింది కింద ఉన్న అలుకు."

"అలుకులో ఏముంటుందండీ?"

"అంతా అండ్లనే ఉంటది. ముగ్గు మీద నుంచి చీపురు పోయిందనుకోండ్రి. పిండి యాడికీ పోలే, పక్కకు జరిగింది, అంతే. చీపురు ఏ దారిల పోయిందో ఎరుకైతే పిండిని మల్ల ఎనకకు జరపొచ్చు. అదే లెక్క. ఆ దారి తెల్వాలంటె ఒక్క చుక్క దొరకాలె. కదలకముందు చుక్క అని మనకు ఎరుక ఉండాలె, కదిలినంక ఏమయిందో ఫొటోల కనబడాలె. ఆ రోజు పాప ముఖం మీద పుట్టుమచ్చ గాని, ఇంకేదన్న గాని ఉండెనా?"

నా పక్క కుర్చీలోంచి నాగమణి, "దిష్టిచుక్క," అంది.

అందరం దాని వంక తిరిగాం. "ఎడమ బుగ్గ మీద. ఫొటోకి వెళ్తున్నాం కదా, నలుగురి కళ్ళూ పడతాయని కాటుకతో నేనే పెట్టాను."

తెర మీద ఎడమ బుగ్గ తెల్లగా, శుభ్రంగా ఉంది. చుక్క లేదు. నాకు వెంటనే తట్టింది. తల తిరిగినప్పుడు ఆ చుక్క సాగి నల్లటి చార అయ్యుంటుంది. పోయిన పసిదాని బుగ్గ మీద మసి చార ఉంచి తల్లి చేతికివ్వడానికి ఆయనకి మనసొప్పి ఉండదు. అన్నిటికన్నా ముందు దాన్నే పూడ్చి ఉంటారు. చూస్తే సరిగ్గా అక్కడే కామాలు చిక్కగా ఉన్నాయి. ఇందులో ఆయన తప్పేం లేదు. ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేదాన్ని, రీటచింగ్ చేసే ఎవరైనా అదే చేస్తారు.

"పెన్సిల్ పోతదా?" అన్నారాయన.

"పోతుంది. మేము మెరుగు నూనె పూసి దానిమీద గీస్తాం. రంగులు పలచన చేసే తార్పీన్ నూనెతో తుడిస్తే రెండూ పోతాయి. కింద నెగెటివ్‌కి ఏమీ కాదు."

ఆయన ఇద్దరి వంకా చూశారు. "అయితే ఒక మాట. నేను చేసేది కుదురుతదని రాసియ్యలేను. మీ మామగారు ఏసిన ముఖానికి కంప్యూటర్ల నకలు దాస్త, గానీ దాంట్లకెళ్ళి మీ స్టూడియో ఫొటో అసుంటిది తీసిచ్చే మిషన్ నా దగ్గర లేదు. తుడిచినంక ఇది కుదరకపోతె మీకు రెండూ ఉండయి. ఆలోచన చేసుకోండ్రి."

ఆ రోజుకి తిరిగొచ్చేశాం. కుతుబ్ మీనారు సగం చూసింది అప్పుడే.

ఇంట్లో నాగమణి ఫొటో ముందు నిలబడింది. బూజు ఆ మూల నుంచి పాప జుట్టుదాకా వచ్చింది. మరిది, "నీ ఇష్టం మణీ. నేనేం అనను," అన్నాడు. పొద్దున్నే అది వంటింట్లోకొచ్చి, "తుడిచెయ్యక్కా," అంది. ఒప్పుకుంటుందని నేననుకోలేదు. లోపల ఎక్కడో ఒప్పుకోకూడదనే కోరుకున్నాను, అది కూడా రాయాలి కదా.

తార్పీన్

మునిర్కాలో రంగుల కొట్టుకి వెళ్ళి తార్పీన్ అడిగాను. కొట్టతను లేవకుండానే, "ఘుట్‌నే మేఁ దర్ద్ హై క్యా, మాతాజీ?" అన్నాడు. మోకాళ్ళకి రాసుకోవడానికనుకున్నాడు. మాతాజీ అట. నాకు నలభై ఆరు. చిన్న సీసాకి పద్దెనిమిది చెప్పాడు, ఆ పిలుపుకి కోపంతో పన్నెండుకి దించి కొన్నాను.

ప్రొఫెసరుగారి గది బయట వరండాలో ఎండ ఉన్నచోట కూర్చున్నాను. నెగెటివ్ ఒళ్ళో పెట్టుకుని దూది తడిపాను. కామాలు ఎలా వేయాలో నా వేళ్ళు పట్టుకుని నేర్పిన మనిషి. ఆయన చేసిన అన్నిట్లోకీ మంచి పనిని నా చేత్తో తుడవాలి. "మావయ్యగారూ, తప్పయితే క్షమించండి," అని పైకే అన్నాను. హర్‌ప్రీత్‌కి భాష తెలియదుగానీ నా భుజమ్మీద చెయ్యి వేసింది.

దూది బుగ్గమీద గుండ్రంగా తిప్పాను. కామాలు బూడిదరంగులో దూదిమీదకొచ్చేశాయి. ముక్కు పోయింది, పెదాలు పోయాయి, కళ్ళు పోయాయి. నాగమణి పక్కనే నిలబడి చూసింది. మిగిలింది ఆ పాత అలుకు. దాని మధ్యలో, నెగెటివ్ కాబట్టి తెల్లగా, ఒక చిన్న చార. ఆ దూదిని పారేయబుద్ధి కాలేదు, డబ్బాలో పెట్టుకున్నాను.

ఎక్కడ ఆపాలి

తెర మీద ఆ చార నల్లగా, సేమియా ముక్కలా వంగి ఉంది. ఒక కొన చిక్కగా, రెండో కొన పలచగా. శంకరయ్యగారు దాన్ని చూడగానే కుర్చీలో ముందుకు జరిగారు. "దొరికింది. చిక్కగున్న కాడ పాప జరసేపు ఊకె ఉన్నది. పలచగున్న కాడ జల్ది కదిలింది. ఇదే ఆమె తల పోయిన దారి. అయితే యాడికెళ్ళి యాడికి తిరిగింది, ఇటుకెళ్ళి అటా, అటుకెళ్ళి ఇటా, అది మటుకు చార చెప్పది."

"ఇటు," అంది నాగమణి, పలచటి కొన వైపు చూపిస్తూ. "ఇటుపక్క నేను నిలబడ్డాను. కదలకుండా కూర్చుంటే పెడతానని పెరుగన్నం తెచ్చాను. కూర్చుంది కదా అని గిన్నె మూత తీశాను. ఆ చప్పుడుకే తిరిగినట్టుంది." మళ్ళీ తనే, "తీయకుండా ఉండాల్సింది," అంది.

ఆయన తెర మీది బొమ్మలో తల ఉన్నమేర కత్తిరించి, ఆ దారి కంప్యూటర్‌కి చెప్పారు. లెక్క ఒక విడత నడవడానికి మేమొక టీ తాగేంత సేపు పట్టింది. అంత పెద్ద మిషన్ లోపల ఏం జరుగుతోందో బయటికి ఏమీ తెలియదు, చిన్న దీపం ఒకటి ఆరి వెలుగుతుంది, అంతే.

మొదటి విడతకి తేడా నాకు తెలియలేదు. తర్వాతి దానికి కనుబొమలు రెండూ విడిపోయాయి. ఆ తర్వాత అలుకు రెండువైపుల నుంచీ దగ్గరకి జరిగినట్టయింది. చీకటి గదిలో తొట్టిలో ప్రింటు తేలడం నేను కొన్ని వేలసార్లు చూసి ఉంటాను. అదెప్పుడూ లోపలున్నదే తేలుతుంది. ఇక్కడ చెదిరిపోయినవన్నీ వెనక్కి నడిచొచ్చి దేని చోట్లో అది కూర్చుంటున్నాయి. చుట్టూ నీటి అలల్లాంటి గీతలున్నాయి, ఇసక చల్లినట్టు గరుకుగా ఉంది. అయినా కన్ను కన్నయింది. బుగ్గమీద సేమియా ముక్క దగ్గరకి ముడుచుకుని గుండ్రటి నల్ల చుక్కయింది.

"నేను పెట్టిందే," అంది నాగమణి.

"చుక్కను నమ్మకమ్మా," అన్నారాయన. "చుక్క గుండ్రంగుండె అని మనమే మిషన్‌కు చెప్పినం. చెప్పిందే తిరిగి చూపెడ్తది. మనం చెప్పనిది ఏమొస్తదో చూడాలె."

ఇంకో విడత. ఇంకో టీ. ఈసారి నోరొచ్చింది. మావయ్యగారు గీసిన నోరు మూసిన చిన్న మొగ్గ, మేమంతా పిల్లలకి అలాగే గీస్తాం. ఇది అలా లేదు. ఒక మూలకి లాగి ఉంది. ఆ మూలలో ఏదో తెల్లటి ముక్క బయటికొచ్చి ఉంది. మిషన్ తప్పేమో అనుకున్నాను. హర్‌ప్రీత్ కూడా అక్కడే వేలు పెట్టి ఆయన వంక చూసింది.

నాగమణి లేచి తెర దగ్గరకి వెళ్ళింది.

"నాలుక," అంది. "అక్కా, నాలుకే అది. నేను అన్నం కలుపుతుంటే ఇలాగే పక్కకి పెట్టుకుని నా చేతివంకే చూసేది. ముద్ద నోట్లో పడేదాకా లోపలికి తీసేది కాదు. ఇది నేను మర్చిపోయాను కదే. ఇన్నేళ్ళూ ఇది మర్చిపోయాను." నేను దాన్ని పట్టుకున్నాను. నేనూ ఏడుస్తున్నాను, సిగ్గేం పడలేదు.

శంకరయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాలుక సంగతి మనం ఎవ్వరం మిషన్‌కు చెప్పలే," అన్నారు. "అది ఫొటోలకెళ్ళే వచ్చింది."

కాసేపయ్యాక ఇంకా ఒక విడత నడపాలా అని అడిగారు. నడిపితే ఇంకొంచెం తేటపడొచ్చు. అయితే ఒక హద్దు దాటాక మిషన్ ఫొటోలో ఉన్నదాన్ని వదిలి, మరకల్నీ గరుకునీ కూడా ముఖమనుకుని తీర్చడం మొదలుపెడుతుందట. ఎక్కడ ఆపాలో లెక్క చెప్పదట, చూసే మనిషే చెప్పాలట.

"ఆపెయ్యండి," అంది నాగమణి. "ఇంక ఎవరూ ఏమీ కలపొద్దు."

తెర మీది బొమ్మని కాగితం మీదకి తెచ్చే దారి వాళ్ళ దగ్గర ఒక్కటే. గది చీకటి చేసి, తెరకెదురుగా కెమెరా పెట్టి ఫొటో తీయడం. ఆ పని తనదైనా హర్‌ప్రీత్ కెమెరా నా వైపు జరిపి, "ఆంటీ, ఆప్," అంది. తెర చారలు పడకుండా మీట ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పింది. మా ఇంట్లో ఫొటో తీసేది మా ఆయన, నేను కాదు. ఊపిరి బిగబట్టి తీశాను. ఈసారి పాప కదల్లేదు.

స్టేషన్‌లో

నేను బయల్దేరే రోజుకి ప్రింటు వచ్చింది. స్వాతి దాన్ని చూసి, "అరే, దీదీ తో శైతాన్ థీ," అక్క అల్లరిదే అంది, ఇన్నాళ్ళూ గోడమీది బుద్ధిమంతురాలినే చూసిన పిల్ల. ఆ పూట నాగమణి అన్నం కలిపి దానికి ముద్ద పెట్టబోయింది. పదేళ్ళదాన్ని, నాకేమిటని స్వాతి మొదట నసిగి, తర్వాత నోరు తెరిచింది.

స్టేషన్‌లో బండి కదలబోయే ముందు నాగమణి కాగితంలో చుట్టిందేదో నా చేతిలో పెట్టింది. తినేదేమో అనుకున్నాను. గోడమీది పాత ఫొటో, పటంతో సహా.

"ఇది నువ్వు తీసుకెళ్ళక్కా. నెగెటివ్ మీద ఆయన పని మనం తుడిచేశాం. ఇంక మిగిలింది ఇదొక్కటే," అంది. "ఇది మావయ్యగారిది. నా దగ్గర ఉండటం న్యాయం కాదు."

ఇప్పుడది మా స్టూడియోలో మావయ్యగారి ఫొటో కింద ఉంది. బూజు నేనే తుడిచాను, ముఖం జోలికి పోలేదు. వచ్చినవాళ్ళు ముచ్చటపడి పాప ఎవరని అడుగుతారు. పాప కాదండీ, మా మావయ్యగారు వేసిన బొమ్మ అని చెబుతాను. మరి అసలు పాప ఏదంటారు కొందరు.

ఢిల్లీలో వాళ్ళమ్మ దగ్గరుంది, నాలుక బయటపెట్టుకుని.